తల్లి చేప

గడచిన మాసమున మాకందిన జాబులలో నొకటి మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. వ్రాసిన సోదరి గోదావరి తీరపు గృహిణి. కుమార్తెకు పురుడు పోయుటకై అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రమునకు బోయి, అచట నాఱు మాసము లుండి, యీ నడుమనే తిరిగి వచ్చెను. ఆమె జాబు సారాంశ మిది:

"మే నెలలో నొక శనివారమున అల్లుడుగారు చేపలు పట్టుటకై సరస్సునకు బోవుచు నన్నును రమ్మనిరి. అమ్మాయికి అప్పటికి ఏడవ మాసము. అది గట్టుననే కూర్చుండెను. మేము పడవ యెక్కితిమి. ఎంతోసేపటికి అల్లుడుగారి గాలమునకు మూరెడున్నర చేప తగిలెను. పచ్చని బంగారు వన్నె. గాజు గోళములవంటి కన్నులు. నేను మనస్సులో అప్పుడే చింతపండు నానవేసితిని. ఇంతలో ఆయన దానిని కొలబద్దపై నుంచి కొలిచి, మెల్లగా మఱల నీటిలోనికి విడిచివేసిరి! పిమ్మట చిక్కిన వానిలో మూరకు లోపలి చేపలను రెండింటిని మాత్రము ఇంటికి దెచ్చిరి. చూలా లున్న యింటికి పెద్ద చేపను విడిచి చిన్నవానిని దెచ్చుట యేమి మర్యాద? అల్లుడుగారిని అడుగుటకు నాకు మొగమాట మయ్యెను. చేతి కందిన యన్నమును కాలదన్నుట కాదా యిది? మీరైన జెప్పుడు."

ఈ ప్రశ్నకు ఒక్క వాక్యమున జవాబు చెప్పవచ్చును: అల్లుడుగారు విడిచినది తల్లి చేప. కాని ఆ యొక్క వాక్యము వెనుక పెద్ద సంసారపు కథ యున్నది. ఈ మాసపు మా పుటలను దానికే వినియోగించుచున్నాము.

మిన్నెసోటా అమెరికాకు ఉత్తరపు టంచున, కెనడా దేశము నానుకొనియున్న రాష్ట్రము. పది యెకరములకు దక్కువ గాని సరస్సులు అచట 11,842 గలవని అక్కడి ప్రభుత్వమువారి లెక్క. పూర్వము వేలకొలది యేండ్లు ఆ నేలను గప్పియుండిన మహాహిమరాసులు కరగి వెనుకకు దగ్గుచు మిగిల్చిపోయిన గుంతలే యీ సరస్సులు. చలికాలమున వీనిపై నీరు రాతివలె గడ్డకట్టును. జనులు దానిపై గుడిసెలు నిలిపి, మంచునకు తూటు పొడిచి, అందుండి గాలము వ్రేలవేయుదురు. మంచు కరగినంతనే పడవలు దిగును. చేపవేట యచట జాలరుల వృత్తి మాత్రమే కాదు. తండ్రి కొడుకునకు, తాత మనుమరాలికి నేర్పు ఇంటి వేడుక. పట్టిన చేపను గట్టుననే కోసి, పిండిలో దొర్లించి, బంగాళాదుంపలతోడను ఉల్లిపాయలతోడను ఇనుప పెనముమీద వేచుకొని తినుట వారికి మన వనభోజనము వంటిది.

అచటి గాలపు వేటలో పేరుమోసిన చేపలు మూడు: బాస్, పైక్, వాలై. మూడును ఇతర చేపలను దిని బ్రదుకునవే. ఐనను మూటి నడవడి మూడు తీరులు.

బాస్ కోపిష్ఠి. ఎర కనబడగనే వచ్చి పడును. గాలము తగిలిన పిమ్మట నీటిపైకి ఎగిరి తల విదిలించి దానిని వదల్చుకొన జూచును. కాని సంసారమున దానికి మంచి పేరున్నది. నీరు వెచ్చబడు దినములలో మగ బాస్ గట్టు దాపున నీటి యడుగును తోకతో నూడ్చి, పళ్లెమువంటి గూడు చేయును. ఆడుది గ్రుడ్లు పెట్టి పోవును. అంతటినుండి కావలి మగదానిదే. తోకతో విసరుచు గ్రుడ్లపై మట్టి పేరుకొననీయదు. దగ్గఱకు వచ్చినదానినెల్ల తఱుమును. పిల్లలు వెలువడిన తరువాతను కొన్నాళ్లు వాని వెంట దిరుగును. మన చెఱువులలో కొర్రమీను తన యెఱ్ఱని పిల్లల గుంపును గాచుట చూచినవారికి ఇది క్రొత్త గాదు. అట్టి కావలి తండ్రిని గాలముతో లాగివేసినచో, అది మఱల గూటికి జేరులోపలనే చిల్లర చేపలు వచ్చి గ్రుడ్లను దినివేయును.

పైక్ బల్లెమువలె పొడవైనది. బాతు ముక్కువంటి చదునైన మూతి, నోటినిండ సూదిపండ్లు. తుంగలో కదలక పొంచియుండి బాణమువలె దూకును. మంచు కరగిన వెంటనే పొంగునీటిలో మునిగిన గడ్డిమీదికి వచ్చి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు గడ్డిపోచల కంటుకొని యుండును. కావున గట్టున నున్న తుంగను గోసి, పల్లపు నేలను బూడ్చి, చూపునకు శుభ్రము చేసినచో పైక్‌నకు పురిటిల్లు లేకుండ బోవును. మాంసము రుచిగలదే గాని, దానిలోని రెండు పాయలుగ జీలిన సన్నని ముండ్లు వంటయింటివారి యోర్పును పరీక్షించును.

వాలై యను పేరు వినగనే మన వాలుగ జ్ఞప్తికి వచ్చును గాని రెంటికిని చుట్టఱికము లేదు. ఆ పేరు దాని తెల్లని కన్నును బట్టి వచ్చినది. కంటి లోపల అద్దమువంటి పొర యొకటి యుండుటచే అది పిల్లివలె మసక వెలుతురునందును చక్కగ జూడగలదు. అందుచే సందెవేళను, వేకువజామునను, గాలికి నీరు కలగిన దినములలోను వేటకు వెడలును. దానికొఱకు కూర్చుండువాడు జలగనో, వానపామునో, చిన్న చేపపిల్లనో గాలమునకు గ్రుచ్చి, నీటి యడుగువెంట మెల్లగ నడపుచు, దారపు చివరి చిన్న కదలికకై యెదురుచూడవలెను. మాంసము తెల్లనిది, మెత్తనిది, ముండ్లు తక్కువ. ఆ రాష్ట్రమువారు 1965వ సంవత్సరమున దీనినే తమ రాష్ట్రపు చేపగ నిర్ణయించుకొనిరి. మన సోదరి చూచిన బంగారు వన్నె చేప యిదియే.

ఈ చేపలను ఎల్లకాలము పట్టుట కూడదు. ఫిబ్రవరి చివర వాలై, పైక్‌ల వేట మూతపడి, మే నెల నడుమ నొక శనివారమున మఱల తెఱువబడును. నడుమనున్నది వాని పురిటికాలము. తెఱచు దినము ఆ రాష్ట్రమున పండుగవలె నుండును. రాష్ట్రపు గవర్నరు గూడ పడవ యెక్కుట ఆచారము. తఱచుగా ఆ మఱునాడే అమెరికావారి మాతృదినోత్సవ మగును. మాతృదినోత్సవపు శని, ఆదివారములలో ఆ రాష్ట్రమున గాపురమున్న తల్లులు అనుమతిచీటి లేకయే చేపలు పట్టవచ్చునని చట్టము. ఇంటిలోని తల్లికి ఇది యొక మన్నన. నీటిలోని తల్లికి మఱియొక మన్నన గలదు. మన సోదరి ప్రశ్న దానిని గూర్చియే.

వాలైలలో మగది చిన్నదిగనే యుండిపోవును. ఇరువది యంగుళములు దాటినది దొరకినచో అది దాదాపుగ ఆడుదియే. ఆ చల్లని నీటిలో చేప మెల్లగ నెదుగును. ఆడుది తొలిసారి గ్రుడ్లు పెట్టుటకే నాలుగైదేండ్లు గావలెను. మూరెడున్నర పొడవగుటకు పదియేండ్లును, అంతకు మించియు బట్టవచ్చును. అట్టి పెద్ద తల్లి యొక్క యేట లక్షకు మించి గ్రుడ్లు పెట్టగలదు. కాని వాలైకు బాస్‌వలె కావలి లేదు. మంచు కరగిన వెనుక రాళ్లనడుమ గ్రుడ్లను జల్లి పోవుటయే దాని పురుడు. చలి తిరుగబెట్టిన, అల కొట్టిన, ఇతర చేపలు దినిన అంతయు నష్టమే. లక్షలో మిగులునవి చాల కొద్ది. ఆ కొద్ది మిగులుటకే అన్ని గ్రుడ్లు గావలసివచ్చెను.

కావుననే ఆ రాష్ట్రమున వేటగానికి కొలబద్ద గాలమంత ముఖ్యమైనది. ఇరువది యంగుళములు దాటిన వాలైలను ఒక్కదానికంటె ఎక్కువ యుంచుకొనరాదని సాధారణ నియమము. కొన్ని సరస్సులలో ఇంకను గట్టి నియమములు గలవు. పైక్ విషయమున 2018వ సంవత్సరమున మఱియొక యేర్పాటు చేసిరి. రాష్ట్రపు ఉత్తర మధ్యభాగమున పదివఱకు పట్టుకొనవచ్చును గాని, 22 మొదలు 26 అంగుళముల వఱకు పొడవుగలదానిని తప్పక విడువవలెను. 26 దాటినవి రెంటికి మించరాదు. అచట చిన్నవి మితిమీఱి పెరిగి, పెద్దవి తఱిగిపోవుటచే నీ యేర్పాటు గావలసివచ్చెను. చిన్నవానిని దిని పెద్దవానిని గాపాడుమని దాని భావము.

ఈ ధర్మము మన సోదరికి తెలియనిది గాదు. గాదెలో ధాన్యము నిండుకొనినను విత్తనపు గింజల బుట్టకు గృహిణి చేయి సాచదు. గంజి పలుచన చేయును, పొరుగింట చేబదులు తెచ్చును, తాను పస్తుండును. విత్తనములను మాత్రము వండదు. ఆ బుట్టలోనిది ఈనాటి కూడు కాదు, రాబోవు యేటి పంట యని యామె యెఱుగును. సరస్సులోని తల్లి చేపయు అట్టి బుట్టయే.

విత్తనములు గూడ వండుకొనిన యింటి గతి యేమగునో, ఆ యిల్లు మఱల నెట్లు నిలద్రొక్కుకొనునో తెలుపు కథ యొకటి ఆ రాష్ట్రముననే జరిగినది. దానిని సంగ్రహముగ జెప్పెదము.

మిన్నెసోటా ఉత్తరభాగమున రెడ్ లేక్, అనగా ఎఱ్ఱ సరస్సు, కలదు. ఎగువది, దిగువది యని సన్నని జలమార్గముచే గలుపబడిన రెండు సరస్సు లవి. రెండును గలిసి 2,88,000 ఎకరముల నీరు. అందు ఆఱింట అయిదు పాళ్లు ఒజిబ్వే జాతిలో రెడ్ లేక్ తెగవారిది; తూర్పున మిగిలిన భాగము రాష్ట్ర ప్రభుత్వపు అధీనము. 1889వ సంవత్సరమున ప్రభుత్వము ఆ ప్రాంతపు తెగల భూములను మనిషి కింత యని పంచిపెట్ట బూనినపుడు, రెడ్ లేక్ వారు తమకు మిగిలిన భూమిని పంచనీయక, తెగ యంతటికిని ఉమ్మడిగనే నిలుపుకొనిరి. ఈ ఉమ్మడితనము తరువాతి కథలో వారికి తోడ్పడినది.

ఒజిబ్వేవారిలో వలపని పూర్వమునుండి ఆడువారిది. దురదమొక్క కాడలనుండి నార దీసి, పురిపెట్టి, ఆ దారముతో వలలల్లుట, పడవలో బోయి వల వేయుట, మఱల దీసి చేపలను విడదీయుట, వానిని ఎండించియు పొగబెట్టియు చలికాలమునకు దాచుట స్త్రీలు చేయుచుండిరి. నీటిలో దానంతట పెరుగు ఒక విధమైన గడ్డిధాన్యమును దులిపి తెచ్చుకొని, దానితో ఆ చేపను దినుట వారి యింటి భోజనము. అంతవఱకు సరస్సునకు లోటు రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917వ సంవత్సరమున, దేశమున ఆహారపు కొఱత యేర్పడగా రెడ్ లేక్ వాలైలను పెద్దయెత్తున పట్టించి బయటి యూళ్లకు అమ్ము వ్యాపారము మొదలయ్యెను. యుద్ధము ముగిసెను గాని వ్యాపారము ముగియలేదు. తెగలోని యనేక కుటుంబములకు అదియే జీవనాధార మయ్యెను. నారవలలు పోయి నైలాను వలలు వచ్చెను. తెడ్లు పోయి యంత్రపు పడవలు వచ్చెను. పట్టుటకు పరిమితి యుండినను, లెక్కకు రాక చాటున అమ్ముడువోయినదియు గలదు. రాష్ట్రపు భాగమున గాలపు వేటగాండ్రును తమవంతు పట్టిరి. ఎవరికి వారు తాము పట్టినది కొంచెమే యని తలచిరి. 1990వ సంవత్సరము దాటిన కొన్నియేండ్లకు వలలు తేలికయయ్యెను. తల్లులు తఱిగిపోగా పిల్లలు తఱిగెను. పిల్లలు తఱుగగా వలకు మిగిలినది నీరే.

అప్పుడు జరిగిన పని మమ్ము ఆశ్చర్యపఱచినది. 1997వ సంవత్సరమున ఆ తెగ జాలరులు తామే గూడి, వ్యాపారపు వలలను గట్టున బెట్ట నిర్ణయించుకొనిరి. కాని నీటికి గోడలు లేవు. ఈ యొడ్డున విడిచిన చేపను ఆ యొడ్డున పట్టిన ఫలమేమి? కావున 1999వ సంవత్సరమున తెగవారును, రాష్ట్ర ప్రభుత్వమును, అమెరికా ఆదివాసుల వ్యవహారములు చూచు కేంద్రశాఖయు గలిసి యొక యొడంబడిక చేసికొని, సరస్సు మొత్తమున వాలై వేటను మాన్పిరి. ఇంటి కూరకై పట్టుటయు నిలిచిపోయెను.

సోదరీమణులారా, ఇక్కడ మన మొక క్షణము నిలువవలెను. ఆ తెగవారు ధనికులు గారు. ఇంటిముందు సముద్రమువంటి సరస్సు; తాతల నాటినుండి తినుచున్న చేప; అదియే కూర, అదియే రూక. ఆ చేపను ఒక యేడు గాదు, రెండేండ్లు గాదు, అనేక సంవత్సరములు ముట్టమని ఒడిగట్టుకొనిరి. సభలో చేయి యెత్తినవారు పురుషులే కావచ్చును, స్త్రీలును కావచ్చును. కాని ఆ నిర్ణయపు బరువు ప్రతిదినము మోసినది వంటయిల్లే యని వేఱుగ జెప్పనక్కఱలేదు. నియమములు కాగితముమీద వ్రాయుట సులభము. రాత్రి భోజనమునకు పిల్లలు కూర్చుండినపుడు వానిని నిలుపుకొనుట కష్టము.

1999, 2001, 2003 సంవత్సరములలో, గ్రుడ్లను పొదిగించు శాలలయందు పుట్టిన వాలై పిల్లలను కోట్లకొలది తెచ్చి సరస్సున విడిచిరి. ఒక్కొక్కటి దోమపిల్లయంత. ఇవి రెడ్ లేక్ తల్లుల పిల్లలు గావు. పొరుగు జలములలోని తల్లులవి. అచట తల్లులు మిగిలియుండుటచేతనే యిచటివారికి విత్తనము అప్పు దొరకినది. విడిచిన పిల్లలకును, సరస్సుననే పుట్టిన పిల్లలకును భేదము తెలియుటకై ఒక మందుతో వాని యెముకలకు గుఱుతు పెట్టిరి. తరువాత వలవేసి పరీక్షింపగా, విడిచిన పిల్లలు బ్రదికినవనియు, క్రమముగ సరస్సులోని తల్లులే తమ పిల్లలను గనుచున్నవనియు తేటపడెను.

ఈ నడుమ నొక విచిత్రము జరిగినది. వాలై లేని చోటు చూచుకొని క్రాపీ యను మఱియొక జాతి చేప ఎగువ సరస్సున విపరీతముగ పెరిగిపోయెను. దానిని పట్టుటకై దూరపు టూళ్లనుండి జనులు మంచుమీద గుంపులు గూడిరి. ఖాళీ పీటను ప్రకృతి ఖాళీగ నుంచదు. కాని ఇంటివారు ఎదురుచూచుచున్న చుట్టము వేఱు. వాలైలు మఱల పెరుగగనే క్రాపీల సందడి తగ్గిపోయెను.

ఎల్లరు ఊహించినదానికంటె ముందుగనే, 2006వ సంవత్సరపు మే నెలలో, సరస్సు మఱల తెఱువబడెను. ఐనను పూర్వపు తీరున గాదు. తెగవారు మొదట వలలు వేయక గాలములతో పట్టిన చేపలనే తమ చేపలశాలకు అమ్మిరి. ఎకరమున కింత బరువునకు మించి పట్టరాదని ఇరుపక్షములును లెక్క గట్టుకొని, ఒండొరుల లెక్కలను జూచుకొనుచున్నవి. పోయిన సంపద తిరిగివచ్చుట లోకమున అరుదు. తిరిగివచ్చినది గనుకనే ఈ కథను మీకు జెప్పుచున్నాము.

ఇక సోదరి జాబులోని రెండవ భాగము: చూలాలికి పెద్ద చేప పెట్టకుండుట మర్యాదయేనా? మర్యాదయే కాదు, వైద్యము గూడ. బొగ్గు మండించు కర్మాగారముల పొగ మొదలగు మార్గముల పాదరసము గాలిలో జేరి, వానతో నీట బడును. నీటిలోని సూక్ష్మజీవులు దానిని విషరూపమునకు మార్చును. ఆ విషము పురుగునుండి చిన్న చేపలోనికి, చిన్న చేపనుండి పెద్ద చేపలోనికి బోవుచు పేరుకొనును. చేప యెంత పెద్దదియు, ఎంత ముసలిదియు, ఎంత వేటాడునదియునైన అంత పాదరసము. అది క్రొవ్వున గాక మాంసముననే యుండుటచే కడిగినను, తోలు దీసినను, పులుసు పెట్టినను, వేచినను పోదు. గర్భమందలి శిశువు మెదడునకు, నరములకు హాని జేయును.

అందుచే మిన్నెసోటా ఆరోగ్యశాఖవారు గర్భిణులును, పసిపిల్లలును పెద్ద వాలైలను, పెద్ద పైక్‌లను దినరాదనియు, చిన్నవానినైనను మితముగనే తినవలెననియు జెప్పుచున్నారు. చేపయే మానుమని యెవ్వరును అనుట లేదు. చేప శిశువు మెదడునకు మేలు చేయు ఆహారము. చిన్నవి, ఇతర చేపలను వేటాడనివి మేలు. మన తీరమున బాలింతకు సొరపిట్టు పెట్టు ఆచారము గలదు. సొర గూడ వేటచేపయే గనుక అమెరికా ప్రభుత్వ వైద్యాధికారులు గర్భిణులును, పాలిచ్చు తల్లులును వర్జింపవలసిన చేపలలో దానిని జేర్చియున్నారు. మన గృహిణులు ఈ సంగతిని తమ వైద్యురాలితో మాటాడి తెలిసికొనుట మంచిది.

కావున అమ్మా, మీ అల్లుడుగారు మీ యింటి మర్యాదకు లోటు చేయలేదు. తల్లి చేపను సరస్సునకు విడిచి, తల్లి కానున్న మీ అమ్మాయికి చిన్న చేపలను దెచ్చుటలో రెండు సంసారముల మేలు చూచిరి. ఆ చేప మెత్తనిది గనుక, ఈసారి వండునపుడు పులుసు బాగుగ మరగిన పిమ్మట చివర ముక్కలు వేసి, గరిటె పెట్టక గిన్నెనే కదపుడు, లేకున్న విడిపోవును.

విడుచుటయు నేర్చుకొనవలసిన పనియే. పొడిచేతులతో పట్టినచో చేప యొంటిమీది జిగురుపొర యూడి, పిమ్మట రోగము పట్టును. కావున చేతులు తడుపుకొని పట్టవలెను. దవడ పట్టి నిలువున వ్రేలాడదీయక, కడుపు క్రింద రెండవచేయి యానించవలెను. గాలము గొంతులోనికి దిగినచో పెఱికివేయుటకంటె దారమును దాపున గోయుట మేలు. ఛాయాపటముల కొఱకు గాలిలో నిలుపుట, మన తల నీటిలో ముంచి నిలుపుట వంటిదే. ఎండకు నీరు మిక్కిలి వేడెక్కిన దినమున అలసిన చేప విడిచినను బ్రదుకుట దుర్లభము. అట్టి దినమున కావలసినన్ని పట్టుకొని గాలము చుట్టుకొనుటయే ధర్మము. తినని చేపను వేడుకకై హింసించుట తగదని కొందఱందురు. ఆ మాటయు కొట్టివేయదగినది గాదు. విడుచుట మెప్పుకొఱకు గాక, చేప బ్రదుకుట కొఱకు కావలెను.

ఇంతవఱకు దూరదేశపు కథ. మా సోదరి గోదావరి యాడుపడుచు గనుక ఆమెతో నొక్క మాట చెప్పి ముగించెదము. తొలకరి వఱదలు రాగనే సముద్రమునుండి ఏటి కెదురీదుచు మన గోదావరికి వచ్చు పులస, విహారమునకు వచ్చుట లేదు; గ్రుడ్లు పెట్టుటకు వచ్చుచున్నది. పురిటికి పుట్టింటికి వచ్చు ఆడుపడుచు వంటి దది. ధవళేశ్వరపు ఆనకట్ట, 1847 మొదలు 1852 వఱకు గట్టినది, దానికి ఎగువ దారి నడ్డగించినది. మిగిలిన దిగువ యేటిలో మన వలలు ఎదురుచూచుచుండును. పుస్తె లమ్మియైనను పులస తినవలెనని మన సామెత. అందును కడుపునిండ శన గలదానికే బేరము. ఏటేట పులస కొఱవడుచున్నది. ధర వేల రూపాయలకు ఎగబ్రాకుచున్నది. ధర పెరిగినకొలది మన కోరికయు పెరుగుచున్నది గాని, బుట్ట యడుగు కనబడుచున్నదని తలచువారు తక్కువ.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలు సముద్రపు వేటకు వెడలరాదను నియమము మన ప్రభుత్వములకును గలదు. కావున ఈ ధర్మము మనకు క్రొత్త గాదు. ఐనను అంగడిలో ఏ చేపను కోరుదుమో అదియే వలలో బడును, కోరునది గృహిణి. ఒక యేడు శన పులసను కోరక పోతు పులసతో తృప్తిపడినచో పులుసునకు రుచి తగ్గదు, సామెతకు పరువు తగ్గదు.

పులసలు బుట్టలకొలది వచ్చిన దినములను జూచిన పెద్దలు మీ యిండ్లలో నున్నచో, వారి నడిగి, అప్పటి సంగతులను మాకు వ్రాసి పంపుడు. వచ్చు మాసములలో వానిని సంతోషముతో ప్రకటించెదము. మా సోదరి కుమార్తెకును, ఆమె యొడిలోని పసికందునకును మా ఆశీస్సులు.